కాలరు పట్టుకుని తెచ్చుకున్న మనిషి

"రైలొస్తోంది! బందీల రైలు! పొగ కనిపిస్తోంది!"

బొగ్గులాయన వీధి మొదట్లోంచే అరుచుకుంటూ వచ్చేసరికి పాత పంచదార గిడ్డంగిలో కూర్చున్న మనిషంటూ లేకుండా పోయాడు. గుడ్డ తెరలు కట్టుకుని వాటినే గదులనుకుంటూ బతుకుతున్న సంసారాలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి పడ్డాయి. ఒకావిడ ఒంటి చెప్పుతోనే బయల్దేరింది. ఒకాయన సగం గీసిన గడ్డంతో, రెండో బుగ్గ మీద సబ్బు నురగతో పరుగందుకున్నాడు. మిషను మీద ఎవరిదో కోటుకి అస్తరు వేస్తున్న కోడలు మాత్రం దారం తెంపి, సూదిని జాగ్రత్తగా గుచ్చి పెట్టి, మిషను మీద గుడ్డ కప్పి అప్పుడు లేచింది. ఎంత కంగారున్నా సూదిని ఎక్కడపడితే అక్కడ వదిలేసే అలవాటు ఆమెకు లేదు.

"ఇంకా ఏం సర్దుతున్నావే తల్లీ! నా కొడుకు దిగి, మనం కనపడక మళ్ళీ ఎక్కేస్తాడు!" అని తెర అవతల అత్త ఒంటికాలి మీద లేచింది.

"వచ్చేశానత్తయ్యా. మీరు శాలువా తిరగేసి కప్పుకున్నారు."

"నా శాలువా ఎటుంటే వాడికేంటి? పద ముందు!"

వీళ్ళ ఊరు యుద్ధంలో పోయింది. అంటే ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. రెండు ప్రభుత్వాలవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని పటం మీద ఒక గీత గీసేసరికి ఊరు గీతకి అవతల పడింది, అప్పటికే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ళు ఇవతల మిగిలారు. యుద్ధం అయిపోయింది కాబట్టి బందీలను వదిలేస్తామన్నారు గానీ అందులోనూ ఒక మెలిక పెట్టారు. ఎవడు పుట్టిన ఊరు ఎటువైపు ఉంటే వాణ్ణి అటువైపే పంపిస్తారట. కాకపోతే దారిలో ఈ పట్నంలో రైలు ఆగుతుంది. తల్లో, పెళ్ళామో, తోబుట్టువో వచ్చి, మనిషి చెయ్యి పట్టుకుని, "వీడు మావాడు" అని సంతకం పెడితే చీటీ రాసిస్తారు, ఇంటికి తీసుకుపోవచ్చు. ఒకరు ఒక్కరినే అడగాలి. ఎవరూ అడగనివాళ్ళని రైలు గీత దాటించేస్తుంది. ఆ తర్వాత గీత మూసేస్తారు, ఇక అటువాళ్ళు అటే.

అంచేత ఆవేళ స్టేషనుకి వెళ్ళకపోవడమంటే, వచ్చిన మనిషిని మళ్ళీ పోగొట్టుకోవడమే. అత్తకి చూపు మసక, కాళ్ళు అంతంతమాత్రం. బొగ్గులాయన తన తోపుడుబండిలో ఇంత గోనె పరిచి ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు. ఆయనకీ తమ్ముడు రావాలి. బండి ముందు ఆయన, వెనక కోడలు, మధ్యలో కూర్చుని "తోయండి, తోయండి" అని అత్త, మొత్తానికి ముగ్గురూ స్టేషను చేరారు.

కోడలి గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆమె కోట్లు కుడుతుంది. ఆమెకి మొహాలు గుర్తుండవు. నిన్న పలకరించి వెళ్ళిన మనిషిని ఇవాళ చూసి ఎవరండీ అంటుంది. అదే మనిషి వెనక్కి తిరిగితే, "ఓ, మీరా! ఎడం భుజం కొంచెం కిందికి ఉంటుంది కదూ" అని నవ్వుతుంది. వీధిలోవాళ్ళు ఆమెను ఇది పట్టుకుని ఏడిపించేవాళ్ళు. "మీ ఆయన వస్తే ఎలా గుర్తుపడతావమ్మా, వెనక్కి తిరిగి నిలబడమంటావా?" అని బొగ్గులాయన ఎన్నిసార్లన్నాడో. ఆమె మొగుడు ఊళ్ళో వీధి దీపాల మేస్త్రీ. అటువాళ్ళు తమ సైన్యంలోకి లాక్కుపోయిన రోజున ఆమె కుట్టిన కోటు వేసుకునే వెళ్ళాడు. ఊడిపోతుందేమో, చలి దూరుతుందేమో అన్న భయంతో ఆ కోటు కాలరు లోపలివైపు చీమలు బారు కట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. దారం తగలేస్తున్నావని అప్పట్లో అత్త చేత చీవాట్లు కూడా తింది.

రైలు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగినవాళ్ళందరికీ ఒకటే గుండు, ఒకటే గడ్డం, చెవుల మీదికి లాక్కున్న ఒకటే రకం టోపీ, మెడలో అంకె చెక్కిన రేకుబిళ్ళ. బతికున్నవాళ్ళని చూసి ఏడ్చేవాళ్ళు, కనిపించనివాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళు, ఎవరినో పట్టుకుని వాడు కాదని వదిలేసేవాళ్ళు. ప్లాట్‌ఫారమ్ మీద చెవుల్లో మాట వినబడటం లేదు. కోడలు ఒక్క మొహం వంక చూడలేదు. గుంపు వెనకగా నడుస్తూ వీపులు చూసింది, భుజాలు చూసింది, కాలర్లు చూసింది.

నీళ్ళ పంపు దగ్గర ఒక కాలరు కొద్దిగా పైకి మడిచి ఉంది. దాని లోపలివైపు దగ్గర దగ్గరగా కుట్లు.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క గెంతు గెంతి రెండు చేతులతో ఆ కాలరు పట్టుకుంది. పట్టుకుని ఆ కుట్లలోకి మొహం దూర్చేసింది. "దొరికారు! అత్తయ్యా, దొరికారు!" అని ఎంత గట్టిగా అరిచిందంటే, పక్కనున్న సైనికుడు ఉలిక్కిపడి తుపాకి సర్దుకున్నాడు. అత్త ఎక్కడుందో, ఎలా వచ్చిందో, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి ఆ మనిషి నడుం చుట్టూ చేతులు వేసి వదల్లేదు.

"నా కొడుకు! వీడే నా కొడుకు! బాబూ, రాసుకో, వీడే!"

బల్ల దగ్గర బట్టతల అధికారి తలెత్తకుండా అడిగాడు. "ఎవరు తీసుకుంటున్నారు?"

"నేనేనండీ, భార్యని."

"పేరు?"

కోడలు మొగుడి పేరు చెప్పింది. అధికారి రేకుబిళ్ళ మీద అంకె చూసి, దాని పక్కన ఆ పేరు రాసి, ఆమె చేత సంతకం పెట్టించి, చీటీ మీద టప్ మని ముద్ర కొట్టాడు. ఇంతసేపూ ఆ మనిషి తల వంచుకునే ఉన్నాడు. కోడలూ కావాలనే మొహం చూడలేదు. ఇన్నాళ్ళూ కళ్ళు కాయలు కాచేలా చూసింది కదా, ఇంకొక్క నిమిషం ఆగి, ఈ తోపులాట దాటి, గేటు బయట తీరిగ్గా చూసుకుందామనుకుంది. ఆ ఆశ కూడా ఆమెకు తియ్యగానే ఉంది.

గేటు బయట బొగ్గులబండి పక్కన ఆగారు. అత్త ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తడుముతోంది. "ఎంత చిక్కిపోయావురా నాన్నా, బుగ్గలే లేవు. అదేంటి, గడ్డం కింద మచ్చ ఏదిరా? నిచ్చెన మీంచి పడ్డప్పటిది?" వేళ్ళు ఇంకోసారి వెతికాయి. ఆగిపోయాయి. "ఏమేవ్! వీడు మనవాడు కాదే!"

కోడలు అప్పుడు చూసింది. ఎప్పుడూ చూడని మొహం. ఎప్పుడూ చూడని కళ్ళు, అవీ నీళ్ళతో నిండి ఉన్నాయి. తన కోటు, తన కుట్లు, లోపల పరాయి మనిషి. అంటే ఆయన లేడు. పోతే తప్ప కోటు ఎవరికీ ఇవ్వడు. ఆమె చెయ్యి దానంతటదే మళ్ళీ ఆ కాలరు పట్టుకుంది, ఈసారి ఇంకోలా.

"ఈ కోటు నీకెక్కడిది? చెప్పు! ఎక్కడ తీశావు?"

"వదినా, అన్న బతికే ఉన్నాడు," అన్నాడతను. "ఒట్టు. బతికే ఉన్నాడు."

ఆ తర్వాత అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తను పడవ నడిపేవాడు. కిందటి చలికాలం నుంచి ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే దుప్పటి. అన్నకి ఊపిరితిత్తుల జ్వరం పట్టుకుంది. నడవలేని రోగులని వేరే రైల్లో వేశారు. అది పెద్ద స్టేషనుకి రాదు, ఊరి బయట ఇటుకబట్టీల దగ్గర బొగ్గూ నీళ్ళూ పట్టుకోవడానికి ఆగి అటునుంచటే గీత దాటిపోతుంది. అక్కడికెళ్ళి అడిగినా మనిషిని ఇస్తారు, కానీ ఆ సంగతి ఇక్కడివాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"నేనెటూ పోయేవాణ్ణే, మా ఆవిడ చీటీ నా మీద దండగ అన్నాడు వదినా. ఈ కోటు నీ ఒంటి మీదుంటే చాలు, మా ఆవిడ మొహం చూడదు, కాలరు చూసి పట్టుకుంటుంది, నువ్వు తలొంచుకుని ఊరుకో అన్నాడు. మా అమ్మకి చూపానదు, దగ్గర ఒక కొడుకుండాలి అన్నాడు. రైలు గీత దాటాకే నిజం చెప్పమని ఒట్టు వేయించుకున్నాడు. ఈ అమ్మ నా బుగ్గ నిమురుతుంటే నా వల్ల కాలేదు."

"మరి నా సంగతేమన్నాడు?" అంది కోడలు. ఆమె గొంతు సన్నగా, పదునుగా ఉంది.

"మీరు అర్థం చేసుకుంటారన్నాడు."

"అర్థం చేసుకుంటానన్నాడా!"

అంత సంతోషం, అంత కోపం ఒకేసారి ఒక మనిషిలో పడితే ఏమవుతుందో కోడలికి ఆవేళ తెలిసింది. బతికున్నాడు! కూతవేటు దూరంలో ఉన్నాడు! పైగా తనకి చెప్పా పెట్టకుండా తన మొగుణ్ణి ఇంకొకరికి దానం చేసేశాడు! ఆమె గిరుక్కున స్టేషను వైపు తిరిగింది. పొరపాటయిందని చెప్పి, సంతకం కొట్టేయించుకుని, ఆ చీటీతో అసలు మనిషిని తెచ్చుకోవాలి. దారి అదొక్కటే.

పడవ మనిషి అడ్డు రాలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వెళ్ళండి వదినా. నేనే వచ్చి చెప్తాను, మీ మీదికి రాకుండా."

"నిన్నేం చేస్తారు?"

"మళ్ళీ రైలెక్కిస్తారు."

"అటువైపు నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు. పడవలో పిల్లలుంటే, మా సైన్యంవాళ్ళు కాల్చమన్నారు. తుపాకి ఏట్లో పడేసి పారిపోయాను. ఇటువాళ్ళకి దొరికాను కాబట్టి బతికాను. అటువెళ్తే గోడకి నిలబెడతారు."

కోడలి అడుగు అక్కడే ఆగింది. ముందుకి వేస్తే ఒక మనిషి చస్తాడు, వెయ్యకపోతే ఇంకో మనిషి గీత దాటిపోతాడు. ఏం చెయ్యాలో తోచక, చీటీ పిడికిట్లో నలిపేస్తూ అత్త వైపు చూసింది. అత్త ఏం చేసిందంటే, పడవ మనిషి వీపు మీద ఒక్క చరుపు చరిచింది. తర్వాత అదే వీపు నిమిరింది.

"మీ అమ్మ ఉందా?"

"లేదమ్మా."

"సరే. నన్ను బండెక్కించు."

"అత్తయ్యా, ఎక్కడికి? చీటీ అయిపోయింది కదా!"

"నీదయిపోయిందే. నాది ఉందిగా! తల్లి కూడా అడగొచ్చన్నారా లేదా? సంతకం నువ్వు పెట్టావు, నేను పెట్టానా?"

కోడలు నోరు తెరుచుకుని చూసింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో ఆమెకే అర్థం కాలేదు. "కానీ ఆయన పేరు వీళ్ళు ఇతనికి రాసేశారు. ఒకే పేరుతో ఇద్దరు కొడుకులంటే ఎవరు నమ్ముతారు?"

అత్త పడవ మనిషి చెయ్యి పట్టుకుని బండెక్కింది. "వాడికి ముందు ఒకడు పుట్టాడే నాకు. నడక రాకుండానే పోయాడు. పేరు పెట్టుకున్నాం, పిలుచుకున్నాం. ఇన్నేళ్ళుగా ఆ పేరు ఎవరికీ పనికిరాకుండా నా దగ్గరే ఉండిపోయింది. అది వీడికి ఇస్తాను. తోయండర్రా!"

లోపల తమ్ముణ్ణి వెతుక్కుంటున్న బొగ్గులాయనకి చెప్పే తీరిక కూడా లేదు. బండి కదిలింది. పడవ మనిషి తోస్తున్నాడు, కోడలు పక్కనే పరిగెడుతోంది, మధ్యలో కూర్చున్న అత్త ఎత్తు పల్లాలకి ఎగిరెగిరి పడుతూ కూడా నోటికి విశ్రాంతి ఇవ్వడం లేదు. సంత వీధిలో బుట్టలవాళ్ళు తిట్టారు. తోళ్ళు ఆరబెట్టిన సందులో ముక్కు మూసుకునే వీల్లేక అలాగే వెళ్ళారు. గుండు మనిషి తోస్తుంటే బండిలో మహారాణిలా కూర్చున్న ముసలావిణ్ణి చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు.

"వినండి," అంది అత్త. "వీడు నా చిన్నాడు. అక్కడున్నవాడు నా పెద్దాడు. ఒరే, వాణ్ణి నువ్వు అన్నయ్యా అనాలి."

"అన్నే కదమ్మా, ఎప్పుడూ అలాగే అంటాను."

"మంచిది. ఇదిగో, ఇది నీ పెళ్ళాం. చీటీ ప్రకారం."

"అలాగే వదినా," అన్నాడతను కోడలితో, రొప్పుతూ.

"పెళ్ళాన్ని పట్టుకుని వదినా అంటావురా! నోరు కుట్టేస్తాను!"

"తప్పయిపోయిందమ్మా."

"అమ్మాయ్, మరి నీకు నా పెద్దాడు ఏమవుతాడు?"

కోడలు పరిగెడుతూనే లెక్క కట్టింది. మొగుడికి అన్న. ఆమెకి నవ్వొచ్చింది. "బావగారు అవుతారత్తయ్యా."

"ఆ మాటే గుర్తు పెట్టుకో. బావగారి ముందు ఎంతలో ఉండాలో అంతలో ఉండు. మీద పడి ఏడ్చావంటే కొంప మునుగుతుంది."

రైలు గేటు దాటగానే ఇటుకబట్టీల గొట్టాలు కనబడ్డాయి. వాటి పక్కన ఇంకో పొగ, నల్లటిది, కొత్తగా లేస్తోంది. ఇంజను నీళ్ళు పట్టుకోవడం అయిపోయింది. పడవ మనిషి తల వంచి తోశాడు. బండి చక్రం ఒకటి కీచుమంటూ ఊడిపోయేలా ఊగుతోంది. కోడలు రెండో పక్క చెయ్యి వేసి తనూ తోసింది. ఆగు, ఆగు, ఒక్క రవ్వ ఆగు అని ఆమె ఇంజనుని బతిమాలుకుంటోంది.

పెట్టెల తలుపులు ఇంకా వెయ్యలేదు. లోపల గడ్డి పరిచి మనుషులని స్ట్రెచర్లతోనే వరసగా పడుకోబెట్టారు. సంగతి ఎలా తెలిసిందో గానీ వీళ్ళకంటే ముందే వచ్చిన కొద్దిమంది తమవాళ్ళ కోసం పెట్టె పెట్టెకీ తిరుగుతున్నారు. రోగుల రైలుకి పెత్తనం ఒక డాక్టరమ్మది. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, చేతిలో చీటీల కట్ట, చెవి వెనక కలం. ఆవిడ ఒప్పుకుంటేనే మనిషిని దింపుతారు.

"చివరి పెట్టె," అని పడవ మనిషి గుసగుసలాడాడు.

అక్కడున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కింద భుజం మొన తేలి ఉంది. ఆ భుజాన్ని కోడలు ఎక్కడైనా గుర్తుపడుతుంది. పెళ్ళినాటికీ ఇప్పటికీ సగమే మిగిలాడు, మిగిలిన సగమూ వణుకుతోంది. పెట్టెలోకి దూకి ఆ మనిషిని వాటేసుకోవాలని ఆమె ఒళ్ళంతా కొట్టుకుంది. రెండు చేతులూ శాలువాలో బిగించి కట్టుకుని నిలబడింది.

"పెద్దాడా!" అంది అత్త. "ఒరే నాన్నా, అమ్మనురా!" మసక కళ్ళతోనే సరిగ్గా అటే వెళ్ళింది. వంగి గడ్డం కింద వేళ్ళు పెట్టింది, ఈసారి మచ్చ దొరికింది.

డాక్టరమ్మ దగ్గరికొచ్చింది. పడవ మనిషి మెడలో రేకుబిళ్ళ చూసింది. "ఇతన్ని పొద్దున్న పెద్ద స్టేషన్లో తీసుకున్నారు కదూ?"

"అవునమ్మా, నా చిన్నాడు. వీడు పెద్దాడు."

"ఒకే ఇంటికి ఇద్దరా?"

"ఇద్దర్ని కన్నాను, ఇద్దర్నీ మీ సైన్యాలు తీసుకుపోయాయి, ఇద్దర్నీ అడుగుతున్నాను. ఎక్కువేమైనా అడిగానా?"

"పెద్దమ్మా, ఇవాళ నా దగ్గరికి అబద్ధపు తల్లులు చాలామంది వచ్చారు," అంది డాక్టరమ్మ, విసుగ్గానే గానీ కటువుగా కాదు. "ఒక్కరిని ఊరికే వదిలానని తెలిస్తే మిగతావాళ్ళెవరినీ దింపనివ్వరు నన్ను." కోడలి వైపు తిరిగింది. "అమ్మాయీ, నువ్వు చెప్పు. ఇతను నీకేమవుతాడు?"

ఆ గొంతుకో, ఆ ప్రశ్నకో, గడ్డిలో మనిషి కళ్ళు తెరిచాడు. కోడల్ని చూశాడు. ఆమె కూడా చూసింది. ఆ చూపులో ఎన్ని చలికాలాలు ఉన్నాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆమె తల వంచుకుని, కుదురుగా, మర్యాదగా చెప్పింది.

"బావగారండీ. మా ఆయనకి అన్నగారు."

పడుకున్న మనిషి కనుబొమలు ముడిపడ్డాయి. తల్లిని చూశాడు, పడవ మనిషిని చూశాడు, మెల్లగా సంగతంతా అతనికి అర్థమైంది. నోరు మూసుకుని పడుకున్నాడు. డాక్టరమ్మ కలం తీసి, అత్త చెప్పిన పేరు రాయడం మొదలుపెట్టింది. ఇంజను ఒకసారి కూత వేసింది.

పడవ మనిషి కంగారుగా పెట్టెలోకి ఎక్కి, స్ట్రెచరు తల వైపు పట్టుకున్నాడు. "అన్నయ్యా, జాగ్రత్త. వదినా, మీరు కాళ్ళవైపు పట్టుకోండి!"

కలం ఆగింది.

అత్త కళ్ళు మూసుకుంది. పడవ మనిషి మొహంలో నెత్తుటిచుక్క లేదు. డాక్టరమ్మ చీటీ మీంచి తలెత్తి, చాలా నెమ్మదిగా అడిగింది. "పెళ్ళాన్ని వదినా అంటున్నాడేంటి?"

కోడలికి అబద్ధం చెప్పడం రాదు. కథ అల్లడం అంతకంటే రాదు. కానీ స్టేషను గేటు దగ్గర్నుంచి కడుపులో మండుతున్నది ఒకటుంది, దానికి అల్లిక అక్కర్లేదు. ఆమె శాలువా నడుముకి చుట్టి పడవ మనిషి ముందుకెళ్ళి నిలబడింది.

"ఏమంటారండీ మరి! పెళ్ళాం ఒకతె ఉందని గుర్తుంటే కదా!" అని మొదలుపెట్టింది. "ఏమయ్యా, ఇన్నేళ్ళు ఎవరి కోసం కూర్చున్నాననుకున్నారు? చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఊరందరి కోట్లూ కుట్టి మీ అమ్మని, నన్ను బతికించుకున్నది ఎందుకనుకున్నారు? నాకేదో జబ్బు చేసింది, నేనిక పోతాను, నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేద్దామని మీకు మీరే అనుకుంటారా? నన్నడగక్కర్లేదా? నేనేమైనా గోడనా, తలుపునా? మా ఆవిడ అర్థం చేసుకుంటుందట! ఏం అర్థం చేసుకోవాలి? మీరు మహాత్ములు, దానాలు చేస్తారు, నేను ఇంట్లో కూర్చుని మెచ్చుకోవాలా? చస్తానో బతుకుతానో అన్నది మీ ఒక్కరి సొత్తనుకున్నారా? అందులో సగం నాది! ఇంకోసారి నన్నడగకుండా చచ్చిపోయే ఆలోచన పెట్టుకున్నారంటే చంపేస్తాను!"

పడవ మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. అతనికి ఏడుపొస్తోంది. చుట్టూ మనుషులు ఆగి చూస్తున్నారు. డాక్టరమ్మ పెదవి మూల ఏదో కదిలింది.

అప్పుడు స్ట్రెచరు మీంచి, చాలా నీరసంగా, ఒక గొంతు వినబడింది. "మరదలా, వాణ్ణేమీ అనకు. తప్పంతా నాదే. వాడికి అలాంటి బుద్ధులు నేర్పింది నేనే. ఇక నేర్పను."

కోడలు అతని వైపు తిరిగింది. ఇంత దూరం ఆపుకున్నదంతా ఆ ఒక్క మాటతో కట్ట తెగి చెంపల మీదికి దిగిపోయింది. అయినా వేలు చూపించి, ఎక్కిళ్ళ మధ్యే కసిరింది.

"బావగారూ, మీరు మధ్యలోకి రాకండి! ఇది మొగుడూ పెళ్ళాల గొడవ!"

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. ఆవేళ మొత్తం మీద ఆవిడ నవ్వడం అదే మొదటిసారి కాబోలు, పక్కనున్న సైనికుడు వింతగా చూశాడు. "పెళ్ళామేలే, అందులో అనుమానం లేదు," అంటూ చీటీ మీద సంతకం గీకి అత్త చేతిలో పెట్టింది. "పట్టండి, త్వరగా దింపండి. ఇంజను కదులుతోంది."

తల వైపు పడవ మనిషి, కాళ్ళ వైపు కోడలు పట్టుకుని దింపారు. అత్త బండిలో తన చోట్లో కొడుకుని పడుకోబెట్టించి, తను ఒక చేత్తో బండి అంచు, ఇంకో చేత్తో చీటీ పట్టుకుని నడిచింది. వెనక రైలు కదిలి, గొట్టాల పక్కగా గీత వైపు వెళ్ళిపోయింది. ఇటుకబట్టీలు దాటేదాకా కోడలు తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. బండిలో పడుకున్నాయన ఒక్కో మాటకీ బుద్ధిగా తలూపుతూనే ఉన్నాడు.